ఉక్కురెక్కల వీరుడి చిరుగులు

పలుకుతల్లి! నీదు పాదమ్ములంటెద
బొమ్మకథలనైన నమ్మి చదివి
నవ్వుకొన్నదాన, నా తప్పులెంచక
చేతి కలములోన చేరి నిలుము.

బుధవారం మనవరాలి గది ఊడ్చే రోజు. మంచం కింద చీపురుకు ఏదో బరువు తగిలింది. లాగితే బొమ్మల పుస్తకాల కట్ట బయటపడింది. పైనున్న అట్ట మీద ఒక పురుషుడు, వీపుకు ఎర్రని వస్త్రం కట్టుకొని, మేడల మీదుగా ఎగిరిపోతున్నాడు. పేరు ఉక్కురెక్కల వీరుడట. చీపురు చంకలో పెట్టుకొని, నిలబడినదాన్ని నిలబడినట్టే మూడు పుస్తకాలు చదివేశాను. నాలుగోది కూర్చుని చదివాను. పాలు పొంగిపోయాయి. కోడలు వచ్చి పొయ్యి ఆర్పి, గుమ్మంలో నిలబడి నా వాలకం చూసి, "అత్తయ్యా, మీరు కూడానా?" అంది. దొంగతనం పట్టుబడ్డ చిన్నపిల్లలా నేను పుస్తకం వెనక్కు దాచాను.

నిత్యం పారాయణ చేసుకునేదాన్ని, ఇవేం చదువులని మీరు అనుకోవచ్చు. కొండలెత్తినవాళ్ల కథలూ, సముద్రాలు దాటినవాళ్ల కథలూ వింటూ పెరిగినదాన్ని నేను. ఎగిరే మనిషి నాకు కొత్త కాదు. ఆపదలో ఉన్నవారు పిలిస్తే వింటాడు, అన్నం ముందు నుంచి లేచి పోతాడు, మెచ్చుకోలుకు ఆగడు. అలాంటివాడి మీద భక్తి కుదరడానికి నాకు నాలుగు పుస్తకాలు చాలలేదా! రెండు నెలల్లో అరవై నాలుగు చదివాను. అయితే పదో పుస్తకం దగ్గరే ఒక సందేహం పట్టుకుంది.

"ప్రతి కథలోనూ వీడి వస్త్రం చిరుగుతుంది. మంటల్లో కాలుతుంది, ముళ్లలో చిక్కుతుంది. మళ్లీ కథకు కొత్తదానిలా ఉంటుంది. ఎవరు కుడుతున్నారే?" అని అన్నీ చదవడం అయ్యాక మనవరాలిని అడిగాను.

"అది అడక్కూడదు నానమ్మా. కథ అంతే."

"అరవై నాలుగు పుస్తకాల్లో ఒక్కరైనా అన్నం వండారా? ఒక్క బట్ట ఆరేశారా? ఇంత యుద్ధం చేసి ఇంటికొచ్చి ఏం తింటాడు, గాలా?"

పిల్ల పడీపడీ నవ్వింది. తరువాత గంభీరంగా నా ముఖంలోకి చూసి, "ఇది రాయొచ్చు తెలుసా?" అంది.

అప్పుడు తెలిసింది నాకు ఆ లోకం. ఈ వీరుడిని ప్రేమించేవాళ్లు వాడి మీద హాస్యకథలు అల్లి, బొమ్మలు వేసి, కాగితాలు మడిచి చిన్న పుస్తకాలుగా కుట్టి పంచుకుంటారట. మూడు నెలలకొకసారి గ్రంథాలయం మేడ మీద కలుస్తారట. వాళ్లకొక నియమం ఉంది. అసలు కథలో జరిగినది ఏదీ మార్చకూడదు. ఒక బొమ్మ గడికీ, పక్క గడికీ మధ్య తెల్లని సందు ఉంటుంది కదా, ఆ సందులో ఏం జరిగి ఉంటుందో అదే రాయాలి. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆఖరి పాదం ఇచ్చి పద్యం పూరించమనే సమస్యలతో మా నాన్న నన్ను పెంచాడు. ఇదీ అదే విద్య. ఎవరికీ పట్టని ఖాళీలోకి ఒక లోకాన్ని దించాలి.

వీరుడి పిన్నిని పుట్టించాను. ఆవిడ వాడి వస్త్రం కుడుతుంది, రక్తపు మరకలు చన్నీళ్లతో వదలగొడుతుంది, "నాయనా, ఎగిరేముందు ఆ జేబులో దారం ముక్క పెట్టుకో" అంటుంది. నగరాన్ని రక్షించినందుకు వాడికి విగ్రహం పెడితే, దాని మీద దుమ్ము కూడా ఆవిడే దులుపుతుంది. మనవరాలు బొమ్మలు వేసింది. మధ్యలో నేనొక పద్యం పెట్టాను:

గగనమంత తిరిగి గాయాలతో వచ్చు
వీరుడడుగునంట వేడినీళ్లు
చిరుగు కుట్టునామె చెమరించు మొగముతో
సూది కంట జూచు సూర్యునపుడు.

అట్ట మీద పేరు వేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆయన గుర్తుకు వచ్చారు.

మావారు పండితులు. పదవీ విరమణ చేసినా ఉపన్యాసాలు మానలేదు. ఆయన వేదిక మీద పద్యం చదువుతుంటే జనం కదలరు. నలభై ఏళ్లుగా నా చోటు ముందు వరుసలో, కుడి చివర. ఎక్కడైనా తడబడితే నా పెదవుల వంక చూస్తారు, నేను పాదం అందిస్తాను. ఎవరికీ తెలియదు. ఈమధ్య ఆ చూపులు ఎక్కువయ్యాయి. ఇక ఆ పద్యాలు ఎలా పుట్టాయంటే, "ఇదిగో, వాన గురించి ఒకటి కావాలోయ్" అనేవారు. పప్పు రుబ్బుతూ నేనొకటి చెప్పేదాన్ని. ఆయన రాసుకుని, ఒక మాట అటూ ఇటూ జరిపి, "ఇప్పుడు నిలిచింది" అనేవారు. అచ్చయినప్పుడు ముందుమాటలో "నా అర్ధాంగి సహనానికి" అని ఉండేది. మా అత్తగారు ఆ వాక్యం వేలితో చూపించి, "నీ పేరు కూడా పుస్తకంలోకి ఎక్కిందే, ఇంకేం కావాలి?" అన్నారు. నా పేరు అందులో లేదు. సహనం మాత్రం ఉంది.

ఆయన దుర్మార్గులు కారు. ఇది చెప్పకపోతే కళ్లు పోతాయి. నాకు జ్వరం వస్తే కాళ్లు పట్టిన మనిషి. అడగాలని ఆయనకు తోచలేదు, చెప్పాలని నాకు తోచలేదు. అలాగే నలభై ఏళ్లు గడిచాయి.

మా చిన్న పుస్తకం ఒకటి కోడలు బల్ల మీద మరిచిపోయింది. ఆయన కళ్లజోడు సవరించుకుని తిరగేశారు. విగ్రహం దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆగక కళ్లు తుడుచుకున్నారు. పద్యం దగ్గర నవ్వు ఆపి, మళ్లీ మొదటినుంచి పైకి చదివారు.

"ఎవడు రాశాడో గానీ, గట్టివాడోయ్. సూది కంట సూర్యుడట. కుర్రాడై ఉంటాడు."

కూర తరుగుతున్న నేను తల ఎత్తలేదు. మనవరాలు నోరు తెరవబోతే కళ్లతోనే వారించాను. ఆ తరువాత నాలుగు రోజులు ఆయన తడుముకోకుండా చదివిన పద్యం అదొక్కటే. స్నానం చేస్తూ చదివారు, చెప్పులు వెతుక్కుంటూ చదివారు. వినబడినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరించేది, వెంటనే గుండెలో ముల్లు గుచ్చుకునేది.

గ్రంథాలయం నుంచి కబురు వచ్చింది. ఆదివారం నాలుగు గంటలకు, రాసినవాళ్లే వచ్చి చదవాలట. అదే నాలుగు గంటలకు ఆయన ఉపన్యాసం.

"నేను చదివేస్తాలే నానమ్మా, తాతయ్యకు నువ్వు కావాలి కదా" అంది మనవరాలు, ప్రేమగానే. పదిహేనేళ్ల పిల్ల. ఆ మాట అంత తేలికగా దాని నోట రావడం చూసి నేను భయపడ్డాను. ఎవరు నేర్పారు దానికి? నేనే.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన వరండాలో కూర్చుని ఉండగా వెళ్లి, అట్ట కాగితాల కట్ట ఒకటి ఆయన ముందు పెట్టాను.

"ఇవేమిటోయ్?"

"మీ ఆదివారం పద్యాలు. పెద్ద అక్షరాలతో రాశాను. ఎదురుగా పెట్టుకుని చదవండి. నేను రావడం లేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ. నాకూ సభ ఉంది. గ్రంథాలయంలో నా పుస్తకం చదవాలి."

"నీ పుస్తకమా?"

"వీరుడి పిన్ని కథ."

ఆయన కళ్లజోడు తీశారు, మళ్లీ పెట్టుకున్నారు.

"ఆ పద్యం?"

"నాదే."

"గట్టివాడు అన్నానే నేను."

"విన్నాను."

ఆయనకు నవ్వు వచ్చింది. ఆ నవ్వులో కొంత సిగ్గు కూడా ఉంది. తరువాత దిగులుగా, "మరి అంతమందిలో తడబడితే నీకెవరు అందిస్తారోయ్?" అన్నారు.

"మరిచిపోనండీ."

"అంత ధీమాయా? చూడు, ఈ పద్యాలు నలభై ఏళ్లుగా చదువుతున్నాను, నాకే జారిపోతున్నాయి. నీకు మాత్రం ఒక్క పాదమూ పోదు. ఏం రహస్యమే అది?"

"రహస్యం ఏముందండీ. కట్టినవాళ్లకు గుర్తుంటాయి."

ఇటువంటి చోట నేను ఎప్పుడూ ఒక మాట చేర్చేదాన్ని. "ఆలోచన మీదే కదా" అనో, "ఏదో నాకు తోచింది" అనో. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన పై అట్టకాగితం చేతిలోకి తీసుకుని, చదవకుండా, నా అక్షరాలను వేలితో తడుముతూ ఉండిపోయారు.

నేను లోపలికి వెళ్లి, కలం తీసి, మనవరాలు ఎప్పటినుంచో ఖాళీ ఉంచిన అట్ట మీద నా పేరు రాశాను. తరువాత పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొదటి పుట నుంచి గొంతెత్తి చదవడం మొదలుపెట్టాను. వరండాలో కుర్చీ జరిగిన చప్పుడైంది. తలుపు వేయడానికి లేచారనుకున్నాను. కాదు, కుర్చీని గుమ్మం దగ్గరికి లాక్కున్నారు.

ఈ కథ చదివినవారికీ, చదివి వినిపించినవారికీ, చేతిపని ఒక్క క్షణం ఆపి చెవి ఒగ్గినవారికీ ఆ పలుకుతల్లి ఆరోగ్యాన్నీ, చక్కని వాక్కునూ, రోజుకొక గంట తీరికనూ ప్రసాదించుగాక.