జవాబు రాకపోతే

ఆస్పత్రి కంప్యూటర్లలో రోగుల రిపోర్టులకు ఇవాళ అంత గట్టి కాపలా ఉందంటే దానికి మూలపురుషుణ్ణి నేనే. నవ్వకండి. కోడ్ రాసింది మా కోడలే అనుకోండి, కానీ అందులోని కీలకం మాత్రం ముప్పై నాలుగేళ్లు రైల్వేలో సిగ్నల్ దీపాలు వెలిగించిన ఈ చేతి చలవ. ఒకసారి పొగమంచులో దీపం ఆరిపోతే, దూసుకొస్తున్న మెయిలును చేతిలో జెండా కూడా లేకుండా ఒట్టి కనుబొమ్మ ఎగరేసి ఆపినవాణ్ణి. ఈ మాట చెబితే మా ఆవిడ, "ఆ కనుబొమ్మతో పొయ్యి మీద పాలు పొంగకుండా ఒక్కనాడైనా ఆపారా?" అంటుంది.

మా కోడలి ఆఫీసంటే మా ఇంటి హాలు మూలనున్న ఇస్త్రీ బల్లే. ఇంట్లో ఉన్న ఒక్క మేజా మా వాడిది. "నాకు మీటింగులుంటాయి" అన్నాడు మొదటిరోజే. ఆమెకూ ఉంటాయి, కానీ అడిగినవాళ్లు లేరు. బల్ల మీద ఒకవైపు ల్యాప్‌టాప్, ఇంకోవైపు ఇస్త్రీ కావాల్సిన చొక్కాలు. కిటికీ గాలి కోసం నేనూ అక్కడే కుర్చీ వేసుకునేవాణ్ణి. ఏం పని తల్లీ ఇది అని ఓ రోజు అడిగాను.

"ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ ఒకటే పెద్ద ముద్ద కాదు మామయ్యా. రిపోర్టులకొకటి, మందుల చీటీలకొకటి, అపాయింట్‌మెంట్లకొకటి, అలా చిన్న చిన్న సర్వీసులు యాభై. ఎవరు ఏది చూడొచ్చో ఒక్కో టీమ్ ఒక్కోలా రాసుకుంది. ఒకచోట మూసిన తలుపు ఇంకోచోట బార్లా తెరిచి ఉండేది. అందుకని అనుమతులన్నీ ఒకేచోట పెట్టారు. అక్కడికెళ్లి అడిగే పద్ధతి నేను రాశాను. క్లయింట్ లైబ్రరీ అంటారు. యాభై టీములూ దాన్నే తెచ్చి తమ సర్వీసులో పెట్టుకుంటాయి. 'ఫలానా మనిషి ఈ రిపోర్టు చూడొచ్చా?' అని అది అడుగుతుంది. అవునంటే తెరుస్తుంది, కాదంటే లేదు."

"అడిగితే అవతల పలక్కపోతే?"

"తెరవదు."

తొడ చరిచాను. "మాదీ అదే రూలమ్మా! దీపం ఆరిన సిగ్నల్ ఎర్రదీపం కిందే లెక్క. బండి ఆగాల్సిందే."

"భలే ఉందే మామయ్యా" అంది. అంతే, ఆ కీలకం నాదేనని వీధంతా చాటుకున్నాను. మీరే చూశారుగా, నేను మా రూలు చెప్పకముందే ఆమె "తెరవదు" అనేసింది. అప్పటికి మూడు నెలల ముందే రాసేసిందట. పెద్దవాణ్ణి చిన్నబుచ్చడమెందుకని ఊరుకుంది. కాదనలేదు కదా అని గొప్పంతా నేను జేబులో వేసుకున్నాను.

ఇక్కడి నుంచి చెప్పేది ఆమె లోపలి మాట. చాలావరకు తర్వాత ఆమే చెప్పింది. చొక్కా కాలర్ మీద ఇస్త్రీపెట్టె తిప్పుతూ అనుకునేదట: పెళ్లయిన తొమ్మిదేళ్లలో నేను నోరారా 'సరే' అన్నవి వేళ్ల మీద లెక్కపెడితే ఇంకా వేళ్లు మిగులుతాయి. మరి జరిగినవన్నీ ఎవరు ఒప్పుకుంటే జరిగాయి? "నువ్వెలాగూ లేచే ఉంటావుగా, నాకూ ఇన్ని నీళ్లు కాచి పెట్టు" అన్నది అత్తయ్య. "నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా, కొరియర్ వస్తాడు చూడు" అన్నది మొగుడు, తనూ ఇంట్లోనే ఉండి. మీటింగ్ మధ్యలో, నేను మాట్లాడే ఆ రెండు నిమిషాల్లోనే, "అమ్మాయ్, నా కళ్లజోడు కనబడిందా?" అన్నది మామయ్య, అది నెత్తి మీద పెట్టుకుని. ఆఫీసులో టీమ్ లీడర్ అయితే, "మీకేం అభ్యంతరం లేదనుకుని లైబ్రరీ మీద మీ పేరు తీసేసి టీమ్ పేరు పెట్టాం మేడమ్" అన్నాడు. ఎప్పుడడిగాడు? నేను పలకని ప్రతిచోటా నా తరఫున ఎవరో ఒకరు 'అవును' అని పలుకుతూనే ఉన్నారు.

ఒక శుక్రవారం ఉదయం ఆ లీడర్ మీటింగ్‌లో కొత్త పాట ఎత్తుకున్నాడు. అనుమతుల సర్వర్ ఆ వారం రెండుసార్లు మొరాయించింది, స్క్రీన్లు తెరుచుకోలేదని ఆస్పత్రి నుంచి ఫిర్యాదులొచ్చాయి. "జవాబు రాకపోతే తెరిచెయ్యమందాం. ఒక్క లైనేగా."

ఒక్క లైనే. కానీ ఈ పని ఎందుకు మొదలైందో ఆమెకు గుర్తుంది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పరీక్ష చేయించుకున్న ఒకావిడ రిపోర్టును, అదే ఆస్పత్రి రిసెప్షన్‌లో పనిచేసే మరిది తెరిచి చదివాడు. సాయంత్రానికి ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. ఆ తలుపు మూయడానికి రాసిందే ఈ లైబ్రరీ.

నోరు తెరవబోయేసరికి మా ఆవిడ మిక్సీ వేసింది. కోడలు మైకు ఆపింది. మిక్సీ ఆగేలోపు లీడర్, "మేడమ్ ఏం మాట్లాడటం లేదు. మౌనం అర్ధాంగీకారం! సోమవారం మార్చేద్దాం" అని మీటింగ్ ముగించేశాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా వాడు తన చెల్లెలితో, అంటే మా అమ్మాయితో, ఫోన్‌లో, "నీ మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు మీ వదిన వచ్చి ఉంటుందిలే. సోమవారం బయల్దేరుతుంది" అంటున్నాడు.

కోడలి చేతిలో గరిటె ఆగింది. ఫోన్ పెట్టేదాకా ఆగి, "నన్నడిగావా?" అంది.

"నిన్న చెప్పానుగా. నువ్వేం అనలేదు."

"నిన్న నా చెవుల్లో హెడ్‌ఫోన్స్ ఉన్నాయి."

"ఉంటే? కాదనలేదుగా!"

సోమవారం తను ప్రయాణంలో ఉంటే ఆ లైను మారిపోతుంది. తొమ్మిదేళ్ల సంగతేమో గానీ, తొమ్మిది నెలల పని గంగపాలు. ఆమె స్టవ్ కట్టేసింది. కంచాలు పక్కకు జరిపి, ల్యాప్‌టాప్ తెచ్చి మా మధ్యలో పెట్టి, యాభై టీములకూ ఒకే ఉత్తరం రాస్తూ పైకి చదివింది. "జవాబు రాకపోతే తలుపు మూసే ఉంటుంది. ప్రాణం మీదికొస్తే డాక్టర్లకు వేరే తలుపు ఉంది, తీసినవాళ్ల పేరు రాసుకుని మరీ తెరుచుకుంటుంది. ఆ లైను రాసింది నేను. దాన్ని మార్చడానికి నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను." కింద తన పేరు పెట్టి పంపేసింది.

తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఇంటికీ ఇదే రూలు. ఇవాళ్టి నుంచి నేను పలక్కపోతే కాదని అర్థం."

"ఇది ఇల్లనుకున్నావా, ఆఫీసనుకున్నావా?"

"ఆఫీసులో పేరుకైనా మీటింగ్ పెడతారు."

మా ఆవిడ అందుకుంది. "మా కాలంలో ఇలా..."

"మీ కాలంలో మిమ్మల్నెవరైనా అడిగారా అత్తయ్యా?"

మా ఆవిడ మంచినీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే దించింది. "ఎవరడిగారులే" అంది.

"మరి చెల్లి దగ్గరికి ఎవరెళ్తారు?" అన్నాడు మా వాడు.

"తోడబుట్టింది నీకు. ల్యాప్‌టాప్ ఎక్కడైనా పనిచేస్తుందని నాకు చెప్పిందీ నువ్వే."

అప్పుడు నేను కుర్చీ వెనక్కి తన్ని లేచాను. "ఒరేయ్, కోడలు చెప్పిందే ఈ ఇంటికి రూలు! కాదన్నవాడు ముందు నాతో మాట్లాడాలి!" అని గర్జించాను. కిటికీ అద్దాలు అదిరాయి. మా వాడు తల దించుకున్నాడు.

సోమవారం పొద్దున్నే మా వాడు బ్యాగు సర్దుకుని చెల్లెలింటికి వెళ్లాడు. ముప్పై ఒక్క టీములు 'ఆ లైను ముట్టుకోవద్దు' అని తిరుగుటపాలో రాశాయి. లీడర్ ముట్టుకోలేదు. కోడలు ల్యాప్‌టాప్ తీసుకెళ్లి మేజా మీద పెట్టుకుంది, ఎవర్నీ అడగలేదు.

ఇందులో ఒక ముక్క మాత్రం నేను కల్పించాను. నేను లేవనూలేదు, గర్జించనూలేదు. ఆమె నా వైపు చూసిన మాట నిజం. చాలాసేపే చూసింది. నేను కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చున్నాను. నేనేం కాదనలేదు కదా అని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను. ఆమె మాత్రం తన రూలు ప్రకారమే రాసుకుంది: మామయ్య దగ్గర్నుంచి జవాబు రాలేదు, కాబట్టి కాదన్నట్టే.