కోటేశ్వరమ్మ గారి గిన్నె

చర్చికి వెళ్లే వాళ్లం, ఆ రోజు ప్రసాదం తినడం తప్పా అన్న అనుమానం నన్ను చిన్నప్పటి నుంచీ వదల్లేదు.

నా చిన్నప్పుడు మాఘ పౌర్ణమి తిరునాళ్లు చూద్దామని పాలకాయతిప్ప బీచికి వెళితే, మా అన్నం క్యారేజీని అల లాక్కుపోయింది. సముద్రస్నానం చేసి వచ్చిన పెడన ఆవిడ ఒకరు గిన్నె నిండా పులిహోర ప్రసాదం ఇచ్చారు. మేం ప్రార్థన చేసుకుని తినేసరికి ఆవిడ జనంలో కలిసిపోయారు. ఆ సొట్ట గిన్నె, దాని మీద చెక్కిన ‘కోటేశ్వరమ్మ’ అన్న పేరే మాకు మిగిలాయి.

వట్టి గిన్నె తిరిగి ఇవ్వకూడదని అమ్మ ఏటా అదే పౌర్ణమికి అందులో అరిసెలు నింపి తెచ్చేది. ఆవిడ కనబడక మేమే తినేవాళ్లం. ఈ ఏడు అమ్మ మోకాళ్ల నొప్పితో ఇసుకలో రెండుసార్లు కూలబడింది.

“ఇంక చాలత్తయ్యా” అంది నా భార్య రెబెకా.

“నువ్వెళ్లి కార్లో కూర్చోమ్మా” అని అమ్మ గిన్నె పైకెత్తి, “పెడన వాళ్లేనాండీ?” అంటూ గుంపు గుంపునూ అడిగింది.

తడిచీర ఆరబెడుతున్న ఒక ముసలావిడ తిరిగి చూశారు. “ఆ సొట్ట గిన్నె నాదే. ఈ గిన్నె పోయిందని మా అత్తగారు చచ్చేదాకా సాధించింది.”

“ఆలస్యమైందండీ. అరిసెలు. ప్రార్థన చేసి తెచ్చాను, తింటారా?” అమ్మ గిన్నె ముందుకు చాపింది.

కోటేశ్వరమ్మ గారు ఒకటి కొరికారు. “బెల్లం కాస్త ఎక్కువేశారు” అంటూ రెండోది అందుకున్నారు.

నా అనుమానం అక్కడే తీరిపోయింది. అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఖాళీ చేతులూపుకుంటూ కారు దాకా నడిచింది.