భుజం ఎప్పుడు లేచింది?

నాటకశాల వాద్యబృందంలో వయొలిన్ వాయించే ఆమెకు కుడి భుజం నొప్పి పాత చుట్టమే. వద్దన్నా వచ్చేది, పొమ్మన్నా పోయేది కాదు. డాక్టరు ఇచ్చిన మందు రాసుకునేది, కాపడం పెట్టుకునేది, మర్నాడు మళ్లీ కమాను అందుకునేది. వాయించేవాళ్లకు ఇవన్నీ మామూలే అనుకుని ఊరుకుంది.

ఊరుకోనివ్వనిది మేనకోడలు. ఆదివారాల్లో అన్నయ్య ఇంటికి వెళ్లి ఆ పిల్లకు వయొలిన్ నేర్పుతోంది. పిల్లకు నోరెక్కువ, శ్రద్ధ అంతకంటే ఎక్కువ. ఒక ఆదివారం పాఠం సగంలో ఉండగా కమాను దించి భుజం పట్టుకుంది.

"అత్తా, ఇక్కడ పీకుతోంది."

ఎక్కడా అని చూస్తే, సరిగ్గా తనకు నొప్పి పుట్టే చోటే.

"ఏదీ, మళ్లీ వాయించు."

ఎప్పుడూ పిల్ల వేళ్లనే చూసే ఆమె ఈసారి మనిషిని చూసింది. కుడి భుజం చెవిని అంటుకోబోతోంది. పెదాలు బిగుసుకున్నాయి. ఎడమకాలి వేళ్లు నేలను గీరుతున్నట్టు ముడుచుకున్నాయి.

"భుజం అలా ఎత్తమని ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వెలా వాయిస్తే నేనూ అలాగే."

గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్న అన్నయ్య పగలబడి నవ్వాడు. "అచ్చు గుద్దినట్టు నువ్వేనే! ఆ మూతి బిగింపుతో సహా దింపేసింది."

ఆమెకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఇన్నేళ్లుగా తన ఒంట్లో తనకు తెలియకుండా ఇంత తతంగం నడుస్తోందా అని విడ్డూరంగా అనిపించింది. ఇది ఎప్పుడు మొదలవుతుందో చూడాలనిపించింది.

పాఠం పక్కన పెట్టి బీరువా అద్దం ముందు నిలబడింది. పిల్ల స్టూలెక్కి ఆమె భుజం మీద వేలు ఆనించింది.

ఆమె వయొలిన్ గడ్డం కింద పెట్టుకుంది. "లేవలేదు," అంది పిల్ల. కమాను ఎత్తింది. "ఊహూఁ." తీగ దగ్గరికి తెచ్చింది.

"లేచిందత్తా! ఇంకా మోగనే లేదు, అప్పుడే లేచేసింది!"

భుజాన్ని కిందికి నొక్కిపెట్టి వాయించి చూసింది. భుజం దిగింది గాని ఊపిరి ఆగిపోయింది. ఊపిరి సంగతి చూసుకుంటే దవడ బిగిసింది. ఒకచోట కట్టేస్తే ఇంకోచోట కారే గొట్టంలా ఉంది వ్యవహారం. పిల్ల పడీపడీ నవ్వింది.

అన్నయ్య ఉల్లిపాయల గిన్నె పక్కన పెట్టి లేచొచ్చాడు. "నాకు పాట సంగతి తెలీదు గాని, ఏదో బరువు కింద పడిపోకుండా పైకి పట్టుకున్నట్టుందే నువ్వు."

ఆమె కమాను తీగ మీద ఆనించి కదలకుండా నిలబడింది. నిజమే. చేతి బరువు తీగ మీద పడకుండా భుజం మోస్తోంది. పడితే ఏమవుతుంది? గట్టిగా మోగుతుంది. మోగితే?

"నువ్వు లేస్తావు," అనేసింది పైకే.

"ఎవరు, నేనా?"

"అప్పట్లో నీకు రొట్టెల బట్టీలో రాత్రి డ్యూటీ. పగలు పడుకునేవాడివి. పక్కగదిలో నా సాధన. ఎక్కడ నీకు మెలకువొస్తుందోనని చెయ్యి ఆనించకుండా వాయించేదాన్ని."

అన్నయ్య తెల్లబోయాడు. "నేనెక్కడ నిద్రపోయానే? నువ్వు వాయించేది సరిగ్గా వినబడక గోడకి చెవి పెట్టి పడుకునేవాణ్ణి. కాస్త గట్టిగా వాయించి చావదేమిటా అని తిట్టుకునేవాణ్ణి."

"మరి చెప్పొచ్చుగా!"

"మేలుకునే ఉన్నానని తెలిస్తే నువ్వు అసలుకే మానేస్తావని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. ఆ నవ్వులో భుజం దానంతటదే జారింది.

"దిగింది! ఇప్పుడు వాయించు!" అని అరిచింది పిల్ల.

ఆమె చేతిని మొయ్యడం మానేసి, బరువంతా తీగకు వదిలి, కమానును దాని దారిన పోనిచ్చింది. గది దద్దరిల్లింది. పిల్ల చెవులు మూసుకుంది. నాదం మొరటుగా ఉంది, శ్రుతి కూడా కాస్త పక్కకు పోయింది. అయినా చెయ్యి ఎవరూ తొయ్యకుండానే హాయిగా పోయి వస్తోంది. తన వయొలిన్‌లో ఇంత గొంతు ఉందని ఆమెకే తెలియదు.

నొప్పి ఆ పూటే ఎగిరిపోలేదు. బృందంతో వాయించేటప్పుడు నెమ్మది పాటల్లో భుజం బుద్ధిగా ఉండేది, వేగం పెరిగేసరికి చల్లగా పైకెక్కేది. కాకపోతే ఇప్పుడు ఎక్కినప్పుడు తెలుస్తోంది. గదమాయించకుండా, బరువు ఎటు పోతోందో గమనించేది. గమనిస్తుండగానే దిగేది. రానురాను నొప్పి రావడం తగ్గింది. మేనకోడలికి చెప్పాల్సిన పనే లేకపోయింది. అత్త భుజం దిగాక పిల్లదీ దిగింది.

ఒకరోజు పక్క కుర్చీలో వాయించే పెద్దాయన ఆమెవైపు వంగాడు.

"ఏమ్మా, ఈమధ్య నీ వయొలిన్ నా చెవిలో దూరి మోగుతోంది. కొత్తది కొన్నావా?"

"పాతదేనండీ. చేతిని మొయ్యడం మానేశాను, అంతే."

ఆయనకు అర్థం కాలేదు. ఆమె జరిగిందంతా చెప్పింది. మిగతావాళ్లు టీకి వెళ్లేదాకా ఆగి, ఆయన కుర్చీ ఆమెవైపు తిప్పుకుని కమాను తీగకు ఆనించాడు.

"నాకెక్కడ బిగుస్తోందో కాస్త చూసి పెడతావా?"

ఆయన వాయించాడు. ఆమె భుజాలు చూసింది, మెడ చూసింది. రెండూ తేలిగ్గానే ఉన్నాయి. ఇంకెక్కడబ్బా అనుకుంటూ తల వంచి కిందికి చూసింది.

"మోకాళ్లండీ!" అంది ఆశ్చర్యంగా. "ఏదీ, ఇంకోసారి వాయించండి."