అఫ్రా ముఖం

ఆ ఊళ్ళో మగవాళ్ళందరూ గచ్చు పనివాళ్ళే. మార్చిలో మంచు కరగగానే తాపీలు సంచిలో వేసుకుని బవేరియా అంతా తిరుగుతారు. ఎక్కడ చర్చి కడుతుంటే అక్కడ గోడల నిండా తీగలు, గవ్వలు, బూరెబుగ్గల బుల్లి దేవదూతలను మొలిపించి, మళ్ళీ నవంబరుకి గానీ ఇల్లు చేరరు. ఆ మధ్యలో ఇంట్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఉత్తరం చూసి తెలుసుకోవలసిందే. కిలియన్‌కి కూతురు పోయిన సంగతి కూడా అలాగే తెలిసింది. అఫ్రాకి నాలుగేళ్ళు. మశూచి ఆరు రోజుల్లో తీసుకుపోయింది.

ఆ ఆరు రోజులూ పిల్ల పక్కన ఉన్నది తల్లి వాల్బుర్గా ఒక్కతే. అదే ఆమె ప్రాణం తీస్తోంది. పిల్ల ఎలా ఉండేదో తలుచుకుందామని కళ్ళు మూసుకుంటే, రెప్పలు అతుక్కుపోయి, బుగ్గలు వాచి, పెదవులు చిట్లిపోయిన ఆ చివరి ముఖమే వస్తుంది. అంతకుముందు నాలుగేళ్ళ ముఖం ఎక్కడికి పోయిందో తెలియదు. రొట్టెల పిండి పిసుకుతుంటే పిండిలో ఆ వాచిన ముఖం. బట్టలు ఉతుకుతుంటే తొట్టిలో. పిండి మీద గుడ్డ కప్పేసి పక్కకు తిరిగి ఏడ్చేది. పోనీ చూసుకుందామంటే పటమైనా లేదు. పటాలు వేయించుకోవడానికి వాళ్ళేమన్నా జమీందార్లా?

సెప్టెంబరులో, కాలు విరిగి, కిలియన్‌తో చేస్తున్న పని నుంచి ముందే తిరిగొచ్చిన పక్కింటాయన గోడ మీంచి పిలిచి చెప్పాడు.

"నీ మొగుడు మీ అఫ్రాని హాసెల్‌రీడ్ చర్చి పైకప్పులో దేవదూతలా కూర్చోబెట్టాడమ్మా. కుడివైపు మూల, పెద్ద గవ్వ మీద. అది పిల్లేనని పైకి అనడు గానీ, మాకు తెలీదా ఏంటి?"

కన్నతల్లికి ఆ ముఖం గుర్తు లేదు. మార్చిలో గడప దాటిన తండ్రికి గుర్తుంది! మరి ఉండదా, అతను చూసింది మంచి ముఖమే కదా. వాల్బుర్గా తలుపుకి గొళ్ళెం పెట్టి, రెండు రొట్టెలు మూట కట్టుకుని, మూడు రోజులు నడిచి హాసెల్‌రీడ్ చేరింది.

చర్చి లోపల నేల నుంచి పైకప్పు దాకా పరంజాయే. కింద నుంచి చూస్తే పలకలు తప్ప ఏమీ కనబడవు. ఆమెను చూసి కిలియన్ నిచ్చెన మీదే ఆగిపోయాడు. దిగి వచ్చి, బకెట్లో చేతులు కడుక్కోవలసిన దానికన్నా ఎక్కువసేపు కడుక్కున్నాడు.

"ఇంత దూరం ఎందుకొచ్చావే?"

"దాన్ని చూడ్డానికి."

"రేపు మధ్యాహ్నం ఈ మూల పరంజా విప్పేస్తారు. అప్పుడు కింద నుంచి చూద్దువుగాని."

"ఇప్పుడే పైకొస్తానయ్యా. ఒక్కసారి ముట్టుకుంటాను."

"వద్దు. పైకి మాత్రం రాకు."

"ఏం?"

"దగ్గర్నుంచి బాగుండదు. నా మాట విను."

ఎందుకు బాగుండదో ఇంకో రెండు ముక్కలు చెప్పి ఉంటే సరిపోయేది. వేళ్ళతో రాతిగోడను నవ్వించే మనిషి మాటల దగ్గర మాత్రం ఇంత పిసినారి!

గచ్చు కలిపే ముసలి సెవెరిన్ పార మీద గడ్డం ఆనించి నవ్వాడు. "నీ మొగుడు అంతేనమ్మాయ్. ఆ మూలకి నన్ను కూడా రానివ్వడు. ముప్ఫై నాలుగు దేవదూతల్ని దింపాం. అన్నిటికీ బిషప్పుగారి వంటవాడి బుగ్గలే! ఆ ఒక్కదాన్ని మాత్రం తొమ్మిదిసార్లు చెరిపి తొమ్మిదిసార్లు చేశాడు. ఇవాళ పొద్దున్నే పూర్తయింది."

మర్నాడు మధ్యాహ్నం గంట కొట్టగానే మనుషులంతా బీరుకీ పులిసిన క్యాబేజీకీ బయటికి పోయారు. కిలియన్ కూడా వెళ్ళాడు. ఆమె లంగా అంచు నడుముకి దోపుకుని నిచ్చెన ఎక్కింది.

చివరి అంతస్తు పలకల మీద వంగి నడవాలి. పక్క మూలలో ఉన్న దేవదూత పలకల చాటున పడింది. ఎదురుగా గవ్వ, గవ్వ మీద రెండు చిన్న కాళ్ళు. ఆ కాళ్ళను మునివేళ్ళతో తాకింది. "వచ్చేశానమ్మా" అంటూ తల ఎత్తింది.

వాచిన ముఖం.

బుగ్గలు రెండూ కళ్ళ మీదికి ఉబ్బి ఉన్నాయి. కళ్ళున్న చోట వేలు పట్టేంత గుంటలు. నుదురు ముందుకు పొంగి ఉంది. కింది పెదవి ఎవరో కొరికేసినట్టు లోపలికి చీలిపోయింది.

ఆమె పలకల మీద కూలబడిపోయింది. కిలియన్ ఇదెలా చూశాడు? జబ్బు చేసినప్పుడు అతను ఇంట్లో లేడు. ముఖం ఎలా అయిందో తను ఉత్తరంలో రాయలేదు, రాయడానికి చెయ్యి రాలేదు. మరెవరు చెప్పారు? చెప్పగలిగింది ఇక పిల్ల ఒక్కతే. పిండిలోకీ తొట్టిలోకీ వచ్చినది అంత దూరం నడిచి ఇతని దగ్గరికి కూడా వచ్చింది.

"నాన్న దగ్గరికి కూడా ఇలాగే వచ్చావా తల్లీ?" అంది పైకే.

భయం కన్నా జాలి ఎక్కువైంది. వందేళ్ళ పాటు, పుండ్ల ముఖంతో, కింద జనం మోకాళ్ళ మీద చూస్తుండగా పిల్ల ఇక్కడ కూర్చోవాలా? ఏ తల్లి ఒప్పుకుంటుంది? గచ్చు ఇంకా పచ్చిగానే ఉంది, కిలియన్ ఇనప పనిముట్టు పక్కనే ఉంది, బకెట్లో మెత్తని గచ్చు మిగిలి ఉంది. ఆ ఊరి ఆడవాళ్ళు పనికి వెళ్ళరు గానీ, చలికాలం బల్ల ముందు కూర్చుని అచ్చుల్లో గులాబీలూ బాలయేసు బొమ్మలూ చేస్తారు. వాల్బుర్గా చెయ్యి మంచిదే. బల్ల మీద పెట్టుకుని చూసుకునే వాటికి.

ఆమె బుగ్గలు గీకి తగ్గించింది. కంటి గుంటలు పూడ్చి, సన్నగా రెప్పలు గీసింది. నుదురు నున్నగా చేసింది. చిట్లిన పెదవిని వేలితో సర్ది కలిపింది. చేతి కింద ఒక చిన్న శాంతమైన ముఖం వచ్చింది. అఫ్రాయేనని చెప్పలేకపోయింది గానీ జబ్బు మాత్రం పోయింది. ముద్దు పెట్టుకుంటే సున్నం పెదవులను కాల్చింది. మళ్ళీ పనిగంట మోగేలోపల దిగి వచ్చి చేతులు కడుక్కుంది.

భోజనాలయ్యాక వడ్రంగులు ఆ మూల పలకలు విప్పేశారు. దుమ్ము అణిగాక కిలియన్ వచ్చి వెనక నుంచి ఆమె కళ్ళు మూశాడు. పెళ్ళయిన కొత్తలో చేసినట్టు.

"అటు నడు. ఇంకో రెండడుగులు. నిన్న పొద్దున పూర్తవగానే రెండు పలకలు తీసేసి, ఇదిగో ఈ రాయి మీదే వెల్లకిలా పడుకుని చూశాను వాల్బుర్గా. ఉంది. అచ్చం అదే. అందుకే నిన్ను పైకి రావద్దన్నాను. ఇక్కణ్ణుంచి చూడాలి. ఇప్పుడు చూడు."

చేతులు తీసేశాడు. పైకి చూడకుండా ఆమె ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆమె పైకి చూసింది. పక్క మూలలో, ఇందాక పలకల చాటున పడిన దేవదూత నవ్వుతోంది, కళ్ళు మిలమిలలాడుతున్నాయి, బుగ్గల మీద వెలుగు పడుతోంది. గవ్వ మీద కూర్చున్నదానికి ముఖం లేదు. గుడ్డు పెంకులా తెల్లగా, నున్నగా ఒక తల, అంతే.

బకెట్ మోసుకుపోతూ సెవెరిన్ తల ఎత్తాడు. "అరెరె, ఇదేంట్రా కిలియన్? కళ్ళు తవ్వడం మర్చిపోయావా? కుర్రకుంకలకి కూడా తెలుసే! అంత ఎత్తున బుగ్గ రెండింతలు ఉబ్బించి, కన్ను బొరియలా తవ్వితే గానీ కింద నుంచి ఏదీ ఆనదు. దగ్గర్నుంచి చూస్తే అన్నీ దెయ్యాలే కదా."

కిలియన్ అప్పుడు పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె గోళ్ళలో ఆరిన గచ్చు చూశాడు. అరుస్తాడనుకుంది, కొడతాడనుకుంది. అదైనా బాగుండేది.

"మళ్ళీ చెయ్యవా?" అంది.

"తొమ్మిదిసార్లు చెరిపితే వచ్చింది. నాలో ఉన్నదంతా అందులో పెట్టేశాను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నాకూ ఆ గచ్చు ముఖమే వస్తోంది, పిల్ల రావడం లేదు."

"ఎలా ఉండేదో నోటితోనైనా చెప్పయ్యా."

"ఏదన్నా చెబుతుంటే వినేటప్పుడు కింది పెదవి పళ్ళ కింద పెట్టుకునేది కదా. అది చేశాను."

వాల్బుర్గా తన చూపుడు వేలు వైపు చూసుకుంది. ఆ పెదవిని సర్దిన వేలు అదే.

మర్నాడు ఇంటిదారి పట్టింది. ఆ వాచిన ముఖం దారిలో ఎక్కడా రాలేదు. వాగులో రాలేదు, సత్రంలో రొట్టె విరిస్తే అందులో రాలేదు. కళ్ళు మూసుకుంటే నున్నటి తెల్లదనమే. మూడో రోజు ఇంటికి చేరగానే, తలకు కట్టుకున్న గుడ్డైనా తియ్యకుండా పిండి తడిపి పిసకడం మొదలుపెట్టింది. ఆ వాచిన ముఖమైనా వస్తుందేమోనని దాని మీదికి వంగి, పొద్దు వాలేదాకా చూస్తూ కూర్చుంది.