చుక్క తగ్గిన పాదరసం

పొద్దున్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. గాలి ఒత్తిడి కొలవడానికి తాతయ్య వాడిన భారమితి గాజు గొట్టం పగిలిపోతే, అందులోని పాదరసాన్ని సీసాలో భద్రపరిచి, కొత్త గొట్టం కోసం కాళ్లరిగేలా తిరిగాను. ఇవాళ దాన్ని నింపి నిలబెట్టి చూస్తాను. రోజూ గడియారాలు బాగుచేసే చేతులు నావి, ఇదీ చేసేస్తాయి.

అనుమతి ఇచ్చింది మా వదిన. ఆవిడిప్పుడు కడుపుతో ఉంది. పాదరసం ఆవిరి కంటికి కనపడదనీ, వాసన కూడా రాదనీ, కడుపులో బిడ్డకు మరీ చెరుపనీ నేనే చెప్పాను. నా నోరు ఊరుకోదు కదా! అంతే, షరతు పెట్టేసింది.

"ఇంట్లో వద్దు, పెరట్లో షెడ్డులో చేసుకో. ముందూ తర్వాతా తూకం వెయ్యి. ఒక్క చుక్క ఎటు పోయిందో తెలీకపోయినా, మొత్తం సామాను విషపు చెత్త తీసుకునే కేంద్రానికి పోతుంది. తర్వాత బతిమాలినా లాభం లేదు."

షెడ్డు కిటికీలన్నీ తెరిచాను. ఎత్తు అంచుల పళ్లెం పరిచాను. చేతికి తొడుగులు, సాయానికి అన్నయ్య. పాదరసం తగిలితే బంగారానికి అంటుకుపోయి తెల్లగా చేసేస్తుంది కాబట్టి ముందే నా చెవి రింగులు తీసేశాను.

"నీ ఉంగరం తియ్యి అన్నయ్యా."

"రాదే. వేలు లావెక్కింది. తొడుగు ఉందిగా, నీదంతా అతి జాగ్రత్త!"

వాదించే ఓపిక నాకు లేదు. పాదరసం సీసా, గొట్టం, దాని అడుగున పెట్టే చిన్న కుండీ కలిపి తూచాను. గొట్టం నింపి, మిగిలింది కుండీలో పోసి, గొట్టం మూతి వేలితో మూసి, తలకిందులు చేసి కుండీలోని పాదరసంలో ముంచి వదిలాను. వెండిలాంటి ఆ ద్రవం సర్రున కాస్త దిగి, అక్కడే ఆగి నిలబడింది! గాలి బరువే దాన్ని మోస్తోంది! నేను చిన్నపిల్లలా కేక పెట్టాను. గుమ్మం బయట దూరంగా నిలబడ్డ వదిన కూడా చప్పట్లు కొట్టింది.

తర్వాత పాదరసాన్ని మళ్లీ సీసాలోకి ఒంపాను. పళ్లెంలో దొర్లిన పూసల్ని అన్నయ్య డ్రాపరుతో పీల్చి సీసాలో వేశాడు. అన్నీ కలిపి తూచాను.

తగ్గింది. ఒక చుక్కంత.

మళ్లీ తూచాను. అదే తూకం.

"ఎంత?" వదిన బయటినుంచి అడిగింది. ఒక చుక్క తగ్గిందని ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

టార్చిని నేలకు ఆనించి వెలుతురు పారించాను. అలా వేస్తే ఎంత చిన్న పూసైనా తళుక్కుమంటుంది. పళ్లెంలో లేదు, నేల మీద లేదు, బల్ల కింద కూడా లేదు. తాతయ్య భారమితి చెత్త బండి ఎక్కడం కళ్ల ముందు కనిపించి ఏడుపొచ్చింది.

"అన్నయ్యా, తొడుగులు చూపించు."

అతను చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. లాక్కుని చూశాను. ఉంగరం మొన గీసుకుని తొడుగు చిరిగింది. లోపల బంగారు ఉంగరం సగం తెల్లగా మారిపోయి ఉంది.

"దొరికింది!" అని ఎగిరి గంతేశాను.

చేతికి సబ్బు రాసి లాగితే, లావెక్కిందన్న వేలి మీదనుంచి ఉంగరం ఇట్టే ఊడివచ్చింది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని చూశాను. అన్నయ్య నన్ను చూడలేదు, గుమ్మం బయటున్న వదిన వైపు చూశాడు.

"పెళ్లినాడు ఎప్పటికీ తియ్యనని మాటిచ్చాను కదా. నువ్వు చూస్తుండగా ఎలా తియ్యను?"

వదిన ఖాళీ చెయ్యి ఎత్తి చూపించింది.

"నేను వచ్చేముందే తీసి పెట్టెలో పెట్టానండీ. మీ మీద ప్రేమ తగ్గిపోయిందా ఏమిటి?"

ఉంగరాన్ని గాజు డబ్బాలో వేసి మూత బిగించాను.

"ఇప్పుడు ఏది పంపాలి వదినా?" అని భయంభయంగా అడిగాను.

"చుక్క ఎక్కడుందో తెలిసిందిగా, నీ భారమితి ఉంచుకో. ఆ డబ్బా పంపించెయ్."

"మరి బోసిపోయిన నా వేలు?" అన్నాడు అన్నయ్య.

"చేతులు ఇంకోసారి శుభ్రంగా కడుక్కుని రండి. నా ఉంగరం ఉందిగా, మనిద్దరికీ అదొక్కటి చాలు."