రెండు వైపులా రహీమ్ సన్నాయి

అబ్దుల్ రహీమ్‌కి పెళ్ళి పిలుపు వచ్చి ఏడాది దాటింది. అందుకే మైకుసెట్ల బాజీ సైకిలు దిగీ దిగకముందే “బాబాయ్, బాలకోటయ్య శెట్టిగారింట్లో పెళ్ళి. నిన్ను రమ్మన్నారు” అనేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. చిలక్కొయ్యకి వేలాడుతున్న సన్నాయి సంచి అందుకోబోతుంటే బాజీ నసిగాడు.

“వాయించేదేం లేదు బాబాయ్. పాట క్యాసెట్లోంచి వచ్చిద్ది. గుంటూరు నుంచి వీడియోవాళ్ళొస్తున్నారు గదా, మేళం లేకపోతే బొమ్మలో పెళ్ళి బోసిపోయిద్దంట. నువ్వు సన్నాయి నోట్లో పెట్టుకోని బుగ్గలు పూరిస్తే చాలు.”

“ఎవురి క్యాసెట్టు?”

“ఎవురిదేంది బాబాయ్, నీదే.”

నిజమే, ఆయనదే. మూడేళ్ళ కిందట నరసరావుపేటలో ఈ బాజీయే తన గది తలుపులు మూసి, గోడలకి దుప్పట్లు కట్టి, రహీమ్‌నీ, డోలు వాయించే ఆయన బావమరిది రసూల్‌నీ కూర్చోబెట్టి రికార్డు చేశాడు. సన్నాయిలో దేని వేళ దానిది. దేవుణ్ణి నిద్రలేపడానికి భూపాలం, పెళ్ళికూతురు పీటల మీదకొచ్చేటప్పుడు కల్యాణి, తాళి కట్టేటప్పుడు గట్టిమేళం, తలంబ్రాలకి హుషారు పాట, అప్పగింతలకి ఏడుపు పాట, దేవుడి పవ్వళింపుకి నీలాంబరిలో లాలి. అన్నీ ఒకే సాయంత్రం కూర్చుని క్యాసెట్టుకి రెండు వైపులా నింపేశారు.

“పొద్దుగూకే వేళ మేలుకొలుపేంది బావా, తప్పు గదా?” అని రసూల్ గొణిగాడు. రహీమ్ వింటేగా! “ఒరేయ్, మనం పోయినా మన పాట ఉండిద్దిరా” అన్నాడు. పోయాక సంగతి ఆలోచించాడే గానీ, పోకముందు సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు.

బాజీ కొట్లో నాటక పద్యాలున్నాయి, బుర్రకథలున్నాయి, ఖవ్వాలీలున్నాయి, డిస్కో పాటలున్నాయి. పెళ్ళిళ్ళ కాలం వస్తే మాత్రం అన్నిటికన్నా రహీమ్ సన్నాయే ఎక్కువ ఆడింది. వినుకొండ నుంచి గురజాల దాకా ప్రతి పందిట్లోనూ ఆయన వాయించాడు, ఆయన లేకుండా. రసూల్ పత్తి మిల్లులో బేళ్ళు మోయడానికి పోయాడు. నిరుడు వానాకాలం జ్వరమొచ్చి పోయాడు కూడా. ప్రతి పాట చివరా “శభాష్ బావా!” అనడం అతని అలవాటు. ఆ మాటలు క్యాసెట్టులో అలాగే ఉన్నాయి.

రహీమ్‌కి మిగిలింది ఒక్కటే, బజారు చివర రాములవారి గుడిలో పొద్దుటి మేళం. తాతల నాటి నుంచీ ఆ కుటుంబానిదే. ఆ గుడికి ధర్మకర్త బాలకోటయ్యే. గుళ్ళో కూడా క్యాసెట్టు పెడితే పోలా అని ఆయన నలుగురి దగ్గరా అంటున్నాడని రహీమ్ చెవిన పడింది.

“బొమ్మలాగా కూర్చోడానికి పోతావా? సిగ్గన్నా లేదా?” అంది ఆయన భార్య హలీమా.

“కూర్చోడానికి కాదే. తాళి వేళకి టేపు ఆపమని బాజీగాణ్ణి బతిమాలుకున్నా, సరేనన్నాడు. ఆ ఒక్క గట్టిమేళం నా ఊపిరితో వాయిస్తా. శెట్టి చెవిన అది పడితే గుడి మనకి నిలిచిద్ది.”

హలీమా పెట్టెలోంచి ఉతికిన జుబ్బా తీసిచ్చింది.

పందిట్లో డోలు ముందు వంటవాళ్ళలో ఒకణ్ణి కూర్చోబెట్టారు. వాడికి కర్ర ఎటు పట్టుకోవాలో తెలియదు, ముఖంలో మాత్రం గొప్ప విద్వత్తు. రహీమ్ బుగ్గలు పూరించి, వేళ్ళు ఆడించాడు. క్యాసెట్టులో కల్యాణి మొదలైంది. శ్రుతి కిందికి జారిపోయి ఉంది.

“ఒరేయ్ బాజీ, శ్రుతి దిగిందిరా!”

“ఆడీ ఆడీ మిషన్ బెల్టు వదులైందిలే బాబాయ్. చానా రోజుల్నుంచి ఇంతే. ఎవురూ ఏం అన్లేదు.”

ఎవరంటారు? బెల్టుతో పాటే ఊరి చెవులు కూడా దిగాయి.

ముహూర్తం దగ్గర పడింది. రహీమ్ సన్నాయి మొనకి కొత్త రెల్లు పీక తడిపి బిగించాడు. పురోహితుడు చెయ్యెత్తి “గట్టిమేళం! గట్టిమేళం!” అని కేక వేశాడు. రహీమ్ బాజీ వైపు చూసి తలూపి, గుండెల నిండా గాలి తీసుకుని ఊదాడు.

బాజీ వేలు మీట మీదే ఉంది. నొక్కలేకపోయాడు. తాళి కట్టేటప్పుడు మేళం ఒక్క క్షణం ఆగి, ఎవరైనా తుమ్మితే? ముసలాయనకి ఊపిరి చాలకపోతే? అపశకునం తన నెత్తినే పడుతుంది. వాడు వేలు తీసేసి తల దించుకున్నాడు.

పందిట్లో రెండు సన్నాయిలు ఒకదాన్నొకటి గీరుకున్నాయి. నిజం పైన, క్యాసెట్టు కింద. జనం అక్షింతలు చేతిలోనే పట్టుకుని ఇటు తిరిగారు. “సాయిబుకి శ్రుతి పోయింది పాపం” అన్నారెవరో. బాలకోటయ్య ముఖం చిట్లించి, ఆపమని చెయ్యి చూపించాడు. టేపుకి కాదు, రహీమ్‌కి.

రహీమ్ ఆపలేదు. ఇంకా గట్టిగా ఊదాడు. అంతలో గట్టిమేళం చివర క్యాసెట్టులోంచి రసూల్ గొంతు వచ్చింది. “శభాష్ బావా!” సాగిపోయి, నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. అది బతికున్న రసూల్ గొంతు కాదు. రహీమ్ ఊపిరి అక్కడ తెగిపోయింది. వీడియో లైటు ముఖం మీదకి తిరిగితే, ఆయన సన్నాయి పెదాలకి ఆనించుకుని వట్టి బుగ్గలు పూరించాడు.

భోజనాలయ్యాక బాలకోటయ్య తానే వచ్చి భుజం మీద చెయ్యేశాడు. ఆయన చెడ్డవాడు కాదు, అదే ఇంకా కష్టం.

“నీ తప్పేం లేదు రహీమూ, వయసు. రేపట్నుంచి గుళ్ళో కూడా క్యాసెట్టు పెట్టిస్తా. నువ్వు పొద్దున్నే లేచి రావాల్సిన పనిలేదు.”

“తప్పింది క్యాసెట్టండీ శెట్టిగారూ, నేను కాదు.”

బాలకోటయ్య జాలిగా నవ్వాడు. “క్యాసెట్లో ఉంది కూడా నువ్వేగా సాయిబూ!”

రహీమ్ పీక ఊడదీసి, సన్నాయి సంచిలో పెట్టుకున్నాడు.

మర్నాడు తెల్లవారకముందే ఆయన అలవాటు కొద్దీ లేచి, ముఖం కడుక్కుని, జుబ్బా వేసుకున్నాడు. అప్పుడే గుడి మైకులో భూపాలం మొదలైంది, జారిపోయిన శ్రుతిలో. పొయ్యి రాజేస్తున్న హలీమా చెయ్యి ఆగిపోయింది. పాట అయిపోవస్తుంటే ఆమె కొంగు చెవులకి అదుముకుంది. తమ్ముడి గొంతు అయినా వినపడింది.

“శభాష్ బావా!”

మంచం మీద కూర్చున్న రహీమ్ ఎప్పటిలాగే దానికి తలూపాడు. ఆ తర్వాత ఆ జుబ్బాతో ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే కూర్చుండిపోయాడు.