కాఫీ తోట హద్దు

శనివారం వచ్చిందంటే లా కాలేజీ పిల్లలు వ్యాన్‌లో ఉగాండాలోని మసాకా పల్లెలకు బయలుదేరతారు. లాయరును పెట్టుకోలేనివాళ్ళ తగాదాలు ఉచితంగా విని, అర్జీలు రాసిపెడతారు. ఈ ఏడాది వాళ్ళలో ఒక్కరికే కంపాలాలోని న్యాయ సహాయ కేంద్రంలో పనిచేసే చోటుంది. ఎవరికన్నది వెంట వచ్చే మేడమ్ తేలుస్తుంది. అది ఎసెరికే అని అందరూ అంటుంటే నంటేజాకి తిండి సయించడం లేదు. చట్టమంతా కంఠతా పట్టింది నంటేజా. ఎసెరి ఊరికే కూర్చుని వింటుంది. జనం మాత్రం ఎసెరి దగ్గరికే పోతారు. ఒళ్ళు మండదూ మరి!

ఆ వారం ఎరినా అవ్వ గొడవ. ఆ ఊళ్ళో హద్దుకి నాటే మొక్కలు కుళ్ళు చూపు పడితే అవతలికి జరిగిపోతాయి. అవ్వ మొగుడు పోయాక మరిది కసుజ్జ తన వాకిట్లో కుర్చీ వేసుకుని, ఆమె కాఫీ తోటని చూసీ చూసీ మొక్కల్ని తోట మధ్య దాకా నెట్టేశాడు. మొక్క ఎక్కడుంటే అదే హద్దన్నాడు ఊరిపెద్ద.

ఎసెరి అవతలికి వెళ్ళి కసుజ్జని కదిలించింది. ఆ మొండిఘటం కూడా ఆమెతో నవ్వుతూ మాట్లాడాడు. అవ్వ పక్కన కూర్చున్న నంటేజా అది చూసి పళ్ళు నూరింది. మొక్కలు కసుజ్జ వైపు జరగడం మొదలుపెట్టాయి.

"బాగా కుళ్ళుకో తల్లీ, ఇంకాస్త!" అంది అవ్వ.

మొదట నాటిన పాత గుంటలు వచ్చాయి. మొక్కలు వాటినీ దాటి కసుజ్జ అరటితోటలో పడ్డాయి.

"చాలు, ఆపవే! వాడి నేల నాకెందుకు? వాడి పిల్లలేం తింటారు?"

"ఆ చోటు ఎసెరికొస్తే నాకు సంతోషమే," అంది నంటేజా గట్టిగా. మొక్కలు ఇంకో జానెడు ముందుకు పోయాయి. అక్కడే నిలబడి చూస్తున్న ఊరిపెద్ద పకపకా నవ్వాడు.

నంటేజాకి ఏడుపొచ్చేసింది. "సంతోషం లేదు, ఏమీ లేదు! అది నాకే కావాలి. కానీ నాకు ఈ కసుజ్జ మొహం చూడాలనే అనిపించలేదు ఎసెరీ. నువ్వు ఇతని బాధ కూడా విన్నావు. ఆ చోటు నీదేనే."

మొక్కలు వెనక్కి నడిచి పాత గుంటల్లో దిగాయి.

"ఇదే హద్దు," అన్నాడు ఊరిపెద్ద. "కసుజ్జా, ఇకనుంచి కుర్చీ అటు తిప్పుకుని కూర్చో."

మేడమ్ ఆ మొక్కల్ని కాసేపు చూసింది. ఇంకెవరినీ ఏమీ అడక్కుండా, చోటు ఎసెరికి ఇచ్చేసింది.